నీరుగంటి నుంచి సర్వరు కాపలా దాకా



ఈ రోజు మనం ఒక చిన్న ప్రశ్న చరిత్రను చెప్పుకుందాం. "అది పనిచేస్తోందా?" అన్నదే ఆ ప్రశ్న. చెరువు తూము పనిచేస్తోందా, కరెంటు లైను పనిచేస్తోందా, ఆకాశంలో తిరిగే ఉపగ్రహం పనిచేస్తోందా, మన పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తు తీసుకోవలసిన వెబ్‌సైటు పనిచేస్తోందా అని మనుషులు తరతరాలుగా అడుగుతూనే ఉన్నారు. వస్తువులు మారాయి గాని ప్రశ్న మారలేదు. ఎవరు అడగాలి, ఎంతసేపటికొకసారి అడగాలి, జవాబు రాకపోతే ఎవరికి కబురు పెట్టాలి అన్న మూడు విషయాల చుట్టూనే ఈ చరిత్ర అంతా తిరుగుతుంది. ఈ చరిత్రలో మంచి అధ్యాయాలు కొన్ని మన పక్కనే ఉన్న బెంగళూరులో జరిగాయి. అందుకని కథను అక్కడికే తీసుకుపోతాను. అయితే మొదలు మాత్రం మన ఊరి చెరువు కట్ట మీదనే.

హిందూపురం, మదనపల్లె, పావగడ, బాగేపల్లి, ముళబాగిలు, ఈ పేర్లు విన్న వారికి నీరుగంటి అంటే వివరించి చెప్పనక్కరలేదు. తెలంగాణ వైపు నీరటి అంటారు. తెలుగులోనూ కన్నడలోనూ మనకు మాత్రం నీరుగంటే. ఆయన పని ఏమిటి? చెరువులో నీళ్లున్నంత కాలం కట్ట మీద తిరగడం. తూము సరిగా మూసుకుంటోందో లేదో చూడడం. కట్టలో ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొక్కలు పడ్డాయేమో వెతకడం. వాన ఎక్కువైతే మరవ మీద నీరు ఎంత పారుతోందో కనిపెట్టడం. ఏదైనా తేడా కనిపిస్తే అర్ధరాత్రయినా సరే పెద్దల ఇంటి తలుపు తట్టడం. ఇందుకు ప్రతిఫలంగా పంట నూర్చిన రోజున కళ్లంలో ఆయనకు మేర కొలిచి ఇచ్చేవారు.

ఈ ఏర్పాటులో నాలుగు సంగతులు గమనించండి. ఒకటి, తిరుగుడు క్రమం తప్పదు. రెండు, ఎక్కడ చూడాలో ఆయనకు తెలుసు. మూడు, ఎవరికి చెప్పాలో ముందే నిర్ణయమై ఉంది. నాలుగు, ఆ కాపలాకు ఊరు కూలి కట్టింది. గండి పడిన తరువాత గంపలు, పారలు తీసుకుని పరుగెత్తడం అందరికీ వచ్చు. గండి పడకముందే బొరియను చూడడానికి ఒక మనిషిని పెట్టుకోవాలన్న ఆలోచనే గొప్పది. ఈ నాలుగు సంగతులనూ గుర్తుంచుకోండి. సర్వరు గదిలోకి వెళ్లినప్పుడు ఇవే మళ్లీ కనిపిస్తాయి.

బెంగళూరు కూడా మొదట చెరువుల ఊరే. కెంపేగౌడ 1537లో కోట కట్టించి పేట వేయించాడంటారు. ఆ కాలం నాటి ధర్మాంబుధి చెరువు స్థలంలోనే ఈనాడు మనమంతా బస్సు దిగే మెజెస్టిక్ బస్‌స్టాండు ఉంది. ఊరికి నాలుగు వైపులా కెంపేగౌడ పేరుతో నాలుగు బురుజులు ఉన్నాయి. లాల్‌బాగ్ బండ మీద ఉన్న దానిని మీలో చాలామంది చూసే ఉంటారు. అవి కావలి బురుజులనీ, ఊరి ఎల్లలనీ రెండు విధాలా చెబుతారు. ఎత్తైన చోట నిలబడి నాలుగు దిక్కులా చూడడమన్నది మనకు కొత్త విద్య కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

ఇక ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. 1902 జూన్ 30న కావేరి నది మీద శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు కోలారు బంగారు గనులకు చేరింది. రెండింటి మధ్య దూరం సుమారు 147 కిలోమీటర్లు. ఆనాటికి ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. బెంగళూరు వీధికి దీపం వచ్చింది ఆ తరువాతే, 1905 ఆగస్టులో. అంటే రాజధాని కంటే ముందు గనికి వెలుగు వచ్చిందన్నమాట. చిత్తూరు వైపు నుంచి, తమిళ ప్రాంతాల నుంచి వెళ్లిన మన పూర్వీకులు ఎందరో ఆ గనుల్లో పనిచేశారు.

ఇక్కడొక కొత్త చిక్కు వచ్చింది. ఇంట్లో దీపం ఆరిపోతే కిరసనాయిలు బుడ్డి వెలిగించుకుంటాం. గనికి ఆ సౌకర్యం లేదు. రాయిని పిండి చేసే మిల్లులు, నీటిని తోడే పంపులు ఆగితే పని మొత్తం ఆగుతుంది. ఎండాకాలంలో కావేరిలో నీరు తగ్గితే శివనసముద్రంలో విద్యుత్తూ తగ్గేది. యంత్రాలలో లోపమేమీ లేదు. వాటి వెనక ఉన్న నదే చిక్కిపోయింది. ఈ లోటు తీర్చడమే కన్నంబాడి ఆనకట్ట, అంటే కృష్ణరాజసాగరం, తలపెట్టడానికి ఉన్న ముఖ్య కారణాలలో ఒకటి. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దాని కోసం పట్టుబట్టారు. 1911లో పని మొదలైంది. చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దెనహళ్లిలో పుట్టిన ఆయన పూర్వీకుల ఊరు ఆంధ్రలోని మోక్షగుండమని మీకు తెలుసు.

ఈ కథలోని పాఠం ఏమిటి? ఒక సేవ ఆగకుండా నడవాలంటే దానిని మాత్రమే చూస్తే చాలదు. అది దేని మీద ఆధారపడి ఉందో దానిని కూడా చూడాలి. పంపు వెనక లైను, లైను వెనక టర్బైను, టర్బైను వెనక నది. ఈనాటి వెబ్‌సైటు వెనక కూడా ఇలాంటి వరుసే ఉంది. పేజీ వెనక ప్రోగ్రాము, ప్రోగ్రాము వెనక డేటాబేసు, దాని వెనక డిస్కు, అన్నింటి వెనక కరెంటు.

మరో డెబ్బై ఏళ్లు ముందుకు వద్దాం. 1975 ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట సోవియట్ రాకెట్ మీద ఆకాశానికి వెళ్లింది. దానిని తయారు చేసింది బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని రేకుల షెడ్లలో. ఆ బృందానికి నాయకుడు ఉడుపి రామచంద్రరావుగారు. చోటు చాలక ఒక మరుగుదొడ్డిని బాగుచేసి సమాచారం అందుకునే కేంద్రంగా వాడుకున్నారని ఆనాటి వారు చెప్పేవారు. కొద్ది రోజులకే విద్యుత్ సరఫరాలో లోపం వచ్చి ప్రయోగాలు ఆగిపోయాయి. కాని ఆ లోపం ఏ భాగంలో వచ్చిందో కింద ఉన్నవారు ఎలా తెలుసుకోగలిగారు? ఉపగ్రహమే తన వోల్టేజీ ఇంత, తన వేడి ఇంత అని నిరంతరం కిందికి చెబుతూ ఉంటుంది. దీన్ని టెలిమెట్రీ అంటారు. వైద్యుడు వచ్చేదాకా ఆగకుండా రోగే తన నాడి తాను చెప్పుకోవడం వంటిది.

ఈ పని చూసే సంస్థ ఇస్రోలోని ఇస్ట్రాక్. దాని ప్రధాన కేంద్రం ఇప్పుడు పీణ్యలోనే ఉంది. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఒక ఊరి మీదుగా పోయేటప్పుడు పది పదిహేను నిమిషాలకు మించి కనిపించదు. అందుకని బెంగళూరుతో పాటు లక్నో, శ్రీహరికోట, మారిషస్, బ్రూనై, ఇండోనేషియాలోని బియాక్ వంటి చోట్ల కూడా కేంద్రాలు పెట్టారు. ఒక చోటి నుంచి కనిపించకపోతే అది చచ్చిపోయినట్టు కాదు. ఇంకో చోటి నుంచి కూడా అడిగి చూడాలి. ఈ మాటను కూడా గుర్తుపెట్టుకోండి, వెబ్‌సైట్ల దగ్గర అక్కరకు వస్తుంది.

బెంగళూరుకు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో బ్యాలాలు అనే పల్లె ఉంది. 2008లో అక్కడ 32 మీటర్ల వ్యాసం గల పెద్ద యాంటెన్నాను నెలకొల్పారు. దానిని తయారు చేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి ప్రవేశించినప్పుడు ఆ కబురు భూమికి చేరడానికి పన్నెండు నిమిషాలకు పైగా పట్టింది. ఆరు నెలల ఆయుష్షుతో పంపిన ఆ నౌక ఏడేళ్లు దాటి పలికింది. 2022లో పలకడం మానేసింది. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన విక్రమ్ ల్యాండరును రాత్రి కాకముందే నిద్రపుచ్చారు. సెప్టెంబరు 22న మళ్లీ పిలిచి చూశారు. జవాబు రాలేదు. రాలేదన్న సంగతిని కూడా దాచకుండా దేశానికి చెప్పారు. కాపలాదారుకు ఉండవలసిన గుణం అది. "బాగుంది" అని చెప్పడం ఎంత ముఖ్యమో, "పలకడం లేదు" అని వెంటనే, నిజంగా చెప్పడం కూడా అంతే ముఖ్యం.

శ్రోతలారా, ఇప్పుడు ఆకాశం నుంచి కంప్యూటర్ల దగ్గరికి దిగుదాం. 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనాశాలలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయన ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుకు చిన్న పొట్లం పంపి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్క చూస్తుంది. నీటిలో జలాంతర్గామి పంపే ధ్వని గుర్తుకు వచ్చి దానికి పింగ్ అని పేరు పెట్టాడు. మన పల్లెల్లో రాత్రిపూట పొలంలో ఉన్నవాడిని ఈ గట్టు నుంచి "ఓయ్" అని పిలుస్తాం. ఆ గట్టు నుంచి "ఓయ్" అని వస్తే ధైర్యం. పింగ్ అంటే ఆ ఓయ్ కేకే. 1988లో యంత్రాలు తమ ఆరోగ్యం తామే చెప్పుకునే ఒక ఉమ్మడి భాష వచ్చింది. దాని పేరు ఎస్ఎన్ఎంపీ. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్టు ఇచ్చింది. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ అనే అమెరికన్ యువకుడు నెట్‌సెయింట్ అనే కాపలా ప్రోగ్రామును ఉచితంగా లోకానికి ఇచ్చాడు. తరువాత దానికే నాగియోస్ అని పేరు మారింది. మనిషి కూర్చుని అడగవలసిన ప్రశ్నను యంత్రమే పదే పదే అడిగి, జవాబు రాకపోతే మనిషిని నిద్ర లేపడం దాని పని.

ఈ కాపలా మనకెందుకు అంటారేమో. మన పహణీల సంగతి చూడండి. ఆంధ్రలో అడంగల్ అనేదే కర్ణాటకలో పహణి. 2001 నాటికి కర్ణాటక ప్రభుత్వం భూమి అనే పథకం కింద 67 లక్షల మంది రైతులకు చెందిన సుమారు 2 కోట్ల రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించింది. అంతకు ముందు గ్రామ లెక్కాధికారి చేతిరాతతో ఇచ్చే పహణి ఇక చెల్లదని ప్రకటించింది. లంచాలు, దిద్దుబాట్లు తగ్గించడానికి అది మంచి పనే. దేశమంతా దానిని చూసి నేర్చుకుంది. కాని ఒక్క సంగతి ఆలోచించండి. చేతిరాత చెల్లనప్పుడు, కంప్యూటరు పలకని రోజున రైతుకు కాగితమే లేదు. పంట రుణం కోసం బ్యాంకుకు పోవలసినవాడు పోలేడు. పాత దారి మూసేసిన రోజునే కొత్త దారికి కాపలా పెట్టవలసిన బాధ్యత కూడా పుడుతుంది.

ఉపాధ్యాయుడిగా నేను చూసిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు చివరి రోజున మా బడి పిల్లలు పదకొండు మంది సేవా కేంద్రం ముందు పొద్దున్నించీ కూర్చున్నారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆ పోర్టలు పేరు ఇక్కడ చెప్పను, అవసరం లేదు. సాయంత్రానికి ఒక ఫోను నంబరు దొరికింది. అవతల ఎత్తినాయన "మాకు ఇప్పుడే తెలిసింది సార్" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదని నేను నమ్ముతాను. నిజంగానే వారికి అప్పుడే తెలిసింది. పొద్దున తొమ్మిది గంటలకు ఆగిన సంగతి సాయంత్రం నాలుగుకు తెలిసింది. మధ్యలో ఏడు గంటలు పదకొండు మంది పిల్లలే కాపలాదారులు. ఆ పని చేయవలసింది నెలకు కాస్త ఖర్చుతో, కొన్నిసార్లు ఉచితంగానే దొరికే ఒక ప్రోగ్రాము.

పెద్ద సంస్థలకు కూడా ఇలాంటి అనుభవాలు తప్పలేదు. 2014 అక్టోబరు 6న బెంగళూరు కంపెనీ ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే అని ఒక పెద్ద అమ్మకం పెట్టింది. జనం ఒక్కసారిగా వచ్చి పడ్డారు. సైటు మళ్లీ మళ్లీ మొరాయించింది. మరునాడు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ ఇద్దరూ కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ రాశారు. దాదాపు 5000 సర్వర్లు పెట్టామని, మామూలు కంటే 20 రెట్లు రద్దీకి సిద్ధపడ్డామని, వచ్చినవారు అంతకన్నా ఎక్కువని అందులో ఒప్పుకున్నారు. జాతర రోజున ఊరి బావి ఎండిపోయిన చందం అది. కాపలా ఉన్నా, బలం చాలకపోతే ఆగిపోతుందని దీనివల్ల తెలుస్తుంది. అయితే కాపలా లెక్కలు ఉన్నవారికే మరుసటి జాతరకు ఎన్ని బావులు తవ్వాలో తెలుస్తుంది.

2021 జూన్ 7న ఆదాయపన్ను శాఖ కొత్త పోర్టలును ప్రారంభించింది. తయారు చేసింది బెంగళూరులో ప్రధాన కార్యాలయం ఉన్న ఇన్ఫోసిస్. మొదటి రోజు నుంచీ ఫిర్యాదులే. ఆగస్టు 21, 22 తేదీలలో పోర్టలు పూర్తిగా అందుబాటులో లేకుండా పోయింది. 23న ఆర్థికమంత్రి ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వాహకుడు సలీల్ పరేఖ్‌ను పిలిపించి సంజాయిషీ అడిగారు. పన్ను రిటర్నుల గడువును చివరకు డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఇందులో మనకు పనికివచ్చే నీతి ఒకటుంది. సేవ ఆగిన రోజులను గడువులో కలిపి ఇవ్వాలి. పన్ను కట్టేవారికి దొరికిన ఆ న్యాయం స్కాలర్‌షిప్పు కోరే పిల్లవాడికి కూడా దొరకాలి. దొరకాలంటే సేవ ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది అన్న లెక్క ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి. యంత్రకాపలా రాసి పెట్టే చిట్టా ఆ లెక్కే.

ఇప్పుడు ఈ కాపలాను ఎలా పెట్టుకోవాలో చూద్దాం. మీ ఊరి పాల సొసైటీకో, మీ బడికో, మీ అబ్బాయి పనిచేసే కార్యాలయానికో ఒక వెబ్‌సైటు ఉందనుకోండి.

మొదట, ఏమి చూడాలో రాసుకోండి. ముఖపేజీ ఒక్కటీ తెరుచుకుంటే సరిపోదు. దుకాణం తలుపు తీసి ఉండి లోపల మనిషి లేకపోతే ఏం లాభం? యంత్రం పేజీని అడిగినప్పుడు సర్వరు ఒక అంకె చెబుతుంది. 200 అంటే బాగుందని. 500, 503 వంటివి వస్తే లోపల ఇబ్బంది ఉందని. అంకెతో పాటు పేజీలో ఉండవలసిన ఒక మాట, ఉదాహరణకు "దరఖాస్తు నింపండి" అన్న మాట, ఉందో లేదో కూడా చూడమని చెప్పాలి. లోపల డేటాబేసు చచ్చిపోయినా పై పేజీ నవ్వుతూ 200 చెప్పే సందర్భాలు ఉంటాయి. జవాబు ఎన్ని సెకన్లలో వచ్చిందో కూడా రాయించాలి. మనిషి కూలబడే ముందు నడక నెమ్మదిస్తుంది. సర్వరూ అంతే.

రెండు, ఎంతసేపటికొకసారి అడగాలో నిర్ణయించండి. అయిదు నిమిషాలకొకసారి అడిగితే రోజుకు 288 సార్లు అడిగినట్టు. చిన్న సైటుకు అది చాలు. డబ్బు చేతులు మారే సేవకు నిమిషానికొకసారి అడగవచ్చు.

మూడు, కాపలాదారుడు అదే ఇంట్లో పడుకోకూడదు. ఇల్లు కూలితే వాడూ దానితోనే పోతాడు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగిపోయింది. లోపాన్ని సరిచేయడానికి వాడే సొంత పరికరాలు కూడా అదే నెట్‌వర్కు మీద ఉండడంతో, బాగుచేసేవారికే లోపలికి దారి దొరకలేదు. అందుకని కాపలా ప్రోగ్రామును వేరే చోట, వేరే కంపెనీ లైను మీద పెట్టాలి. వీలైతే రెండు మూడు ఊళ్ల నుంచి అడిగించాలి. ఇస్ట్రాక్ మారిషస్‌లో, బ్రూనైలో కేంద్రాలు పెట్టిన కారణమే ఇక్కడ కూడా.

నాలుగు, ఒక్కసారి జవాబు రాకపోగానే గగ్గోలు పెట్టకూడదు. "నాన్నా పులి" కథ మీకు తెలిసిందే. ఉత్తుత్తి కేకలు పదిసార్లు వింటే, పదకొండోసారి నిజంగా పులి వచ్చినా ఎవరూ లేవరు. వరుసగా రెండు మూడుసార్లు, రెండు చోట్ల నుంచి జవాబు రాకపోతేనే కబురు వెళ్లేలా పెట్టాలి. మరమ్మతు కోసం మనమే ఆపిన సమయంలో కబుర్లు రాకుండా ముందే చెప్పి పెట్టాలి.

అయిదు, కబురు ఎవరికి పోవాలి? అందరికీ పోయే కబురు ఎవరికీ పోనట్టే. వారానికి ఒకరి పేరు రాయండి. వారు పది నిమిషాల్లో అందుకోకపోతే రెండోవారికి, ఆపైన అధికారికి వెళ్లాలి. ఈమెయిలు రాత్రిపూట ఎవరినీ లేపదు. ముఖ్యమైన వాటికి ఫోను మోగాలి.

ఆరు, గడువు తీరే వాటిని మరచిపోకండి. వెబ్‌సైటు పేరుకు ఏటా రుసుము కట్టాలి. భద్రతా ధ్రువపత్రానికి కూడా ఆయుష్షు ఉంటుంది. ఉచితంగా దొరికే వాటిలో చాలావాటికి 90 రోజులే. ఈ రెండూ తీరిపోయి మూతపడిన సైట్లు కోకొల్లలు. నెల ముందే గుర్తుచేయమని కాపలా ప్రోగ్రాముకు చెప్పవచ్చు.

ఏడు, రాత్రిపూట ఎవరూ చూడకుండా జరిగే పనులు కొన్ని ఉంటాయి. రోజూ రెండు గంటలకు రికార్డుల నకలు తీయడం వంటివి. ఇక్కడ పద్ధతి తిరగేయాలి. మనం అడగడం కాదు, ఆ పనే ముగిసిన వెంటనే "అయింది" అని చెప్పాలి. మూడు గంటలకల్లా ఆ మాట రాకపోతే అప్పుడు గంట మోగాలి. రాత్రి బీటు తిరిగే పోలీసు ప్రతి వీధి చివరా పుస్తకంలో సంతకం పెడతాడు చూడండి, సంతకం లేకపోవడమే సమాచారం.

ఎనిమిది, నెలకొకసారి కావాలనే ఒక పరీక్ష పెట్టండి. సైటును రెండు నిమిషాలు ఆపి, ఫోను మోగిందో లేదో చూడండి. మోగని గంటను గుడిలో వేలాడదీసి ఏం ప్రయోజనం?

ఈ పనులకు నాగియోస్ ఉంది, 2021లో హాంకాంగ్ యువకుడు ఒకరు ఉచితంగా ఇచ్చిన అప్‌టైమ్ కూమా ఉంది, జోహో కంపెనీ వారి సైట్24x7 ఉంది. ఏది ఎంచుకున్నా చూడవలసిన సంగతులు ఈ ఎనిమిదే.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను, పిల్లలు ఉంటే పలక తీసుకోమనండి. "మా సేవ 99 శాతం సమయం పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే గొప్పగా వినిపిస్తుంది. ఏడాదికి 8760 గంటలు. అందులో ఒక శాతం 87.6 గంటలు. అంటే మూడున్నర రోజులకు పైగా మూత. 99.9 శాతం అంటే ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాలు. 99.99 శాతం అంటే 53 నిమిషాల లోపు. ఇంకో సంగతి. ఆ 8 గంటల 45 నిమిషాలూ దరఖాస్తు చివరి రోజునే వస్తే? శాతం చూడడానికి బాగానే ఉంటుంది, పిల్లవాడి చదువు మాత్రం ఆగిపోతుంది. అందుకని శాతంతో పాటు ఏ రోజు ఆగిందని కూడా అడగాలి.

కాపలా అతిగా ఉన్నా చేటే. 2025 ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ చెల్లింపులు కొన్ని గంటలపాటు తడబడ్డాయి. కొన్ని బ్యాంకుల వ్యవస్థలు "ఆ చెల్లింపు ఏమైంది, ఏమైంది" అని పదే పదే అడిగిన ప్రశ్నల వరదే అందుకు కారణమని తరువాత విచారణలో తేలింది. ఆగస్టు 1 నుంచి అలాంటి విచారణలకు హద్దులు పెట్టారు. జ్వరంతో ఉన్నవాడిని నిమిషానికి పదిసార్లు "ఎలా ఉంది?" అని లేపితే జ్వరం తగ్గుతుందా? అడగడానికి కూడా ఒక మితం ఉండాలి. జవాబు రానప్పుడు తొందరపడకుండా, ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఎడం పెంచుతూ పోవాలని యంత్రానికి నేర్పాలి.

శ్రోతలారా, చరిత్ర చదివేది పేర్లు, తేదీలు వల్లె వేయడానికి మాత్రమే కాదు. నీరుగంటి వ్యవస్థ ఎందుకు బలహీనపడిందో గుర్తుచేసుకోండి. చాలాచోట్ల చెరువులు ఊరి చేతిలోంచి పోయాయి, బోరుబావులు వచ్చాయి, మేర కొలిచేవారు తగ్గారు. కట్ట మీద తిరిగే మనిషి లేకపోయాక బొరియలు ఎవరూ చూడలేదు. సర్వర్ల విషయంలోనూ అదే జరుగుతుంది. కొత్త పోర్టలు ప్రారంభానికి రిబ్బను కత్తిరించేవారు ఉంటారు. దాని కాపలాకు ఏటా కొంత డబ్బు, ఒక మనిషి పేరు కేటాయించేవారు అరుదు. కన్నంబాడి ఆనకట్టను కట్టిన తరం నదిలో నీరు తగ్గుతుందని ముందే లెక్కవేసింది. ఆ ముందుచూపు మనకు కావాలి.

మీరు కంప్యూటరు చదువు చదవనక్కరలేదు. మీ పంచాయతీలో, మీ సొసైటీలో, మీ పిల్లల బడిలో ఎవరైనా కొత్త వెబ్‌సైటు గురించి చెప్పినప్పుడు మూడు మాటలు అడగండి. ఇది ఆగిపోతే మీకు ఎన్ని నిమిషాల్లో తెలుస్తుంది? తెలిసిన వెంటనే లేచేది ఎవరు? ఆగిన సమయాన్ని మా గడువులో కలుపుతారా? ఈ మూడింటికి జవాబు ఉన్నచోట నీరుగంటి ఉన్నట్టే. జవాబు లేనిచోట, వచ్చే వానాకాలానికి ముందే ఒకరిని కట్ట మీదికి పంపమని గట్టిగా అడగండి. అడిగే హక్కు మీకుంది.